పైపు వెల్డులో రాగి చేరితే గ్రైండ్ చేసి నింపడమా, కోసి తీసేయడమా: ఏది మేలు?

ఉక్కు పైపు వెల్డుపై గోరంత రాగి మరక కనబడితే వెల్డరు ముందు మూడు దారులుంటాయి: దాని మీదే తరువాతి పాస్ (వెల్డు పొర) వేయడం, మరక ఉన్న మేర గ్రైండ్ చేసి మళ్లీ నింపడం, జాయింటునే కోసి తీసేయడం. మొదటిదాన్ని నేను పోలికలోకే తీసుకోను. ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ కావాలి, రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది. అందువల్ల పై పాస్ వేడికి ద్రవమైన రాగి, ఇంకా గట్టిగానే ఉన్న ఉక్కు రేణువుల సరిహద్దుల్లోకి జొరబడుతుంది, వెల్డు చల్లారుతూ కుంచించుకునేటప్పుడు పుట్టే లాగుడుకు ఆ సరిహద్దులే విడిపోతాయి. ఉక్కు తయారీలోనే సమంగా కలిసిన కొద్దిపాటి రాగితో ఈ ముప్పు లేదు. వెల్డింగ్ తీగకు కరెంటు అందించే రాగి కాంటాక్ట్ టిప్, వెల్డు నింపే గాడి గోడకు తగిలి కరిగినప్పుడో, పైపులను లోపలినుంచి పట్టి ఉంచే క్లాంపులో జాయింటుకు ఆనే రాగి పలకకు (షూకు) ఆర్క్ నేరుగా తాకినప్పుడో ఒకేచోట చేరే ముద్దతోనే వస్తుంది.

పై పాసుల్లో, కంటికి కనబడేచోట రాగి ఉంటే గ్రైండింగే మేలు, ఎందుకంటే పైపు పొడవు మారదు, పని కూడా త్వరగా తెములుతుంది. అయితే ఎర్రటి మెరుపు పోగానే డిస్కు ఆపడం పెద్ద పొరపాటు. కంటికి కనబడని రాగి ఇంకా లోతున ఉండవచ్చు. మరికొంత తీసి, అయస్కాంత కణ పరీక్షలో (ఉక్కును అయస్కాంతీకరించి ఇనుప పొడి చల్లే పరీక్ష) పొడి సన్నని గీతగా పేరుకోవడం లేదని, అంటే పగులు లేదని, తేలాకే నింపాలి.

రాగి రూట్ వైపు, అంటే పైపు లోపలి అంచున ఉండే మొదటి పాస్ వైపు, చేరినప్పుడు లెక్క మారుతుంది. బయటినుంచి అది కనబడదు, మూసుకుపోయినట్లుండే సన్నని పగులు రేడియోగ్రఫీకి (ఎక్స్‌రే లాంటి చిత్రానికి) దొరకకపోవచ్చు కాబట్టి ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసోనిక్ పరీక్ష అవసరం. పగుళ్ల మరమ్మతుకు, పైపులైన్ వెల్డింగుకు వాడే ఏపీఐ 1104 ప్రమాణంలో చాలాకాలంగా ఉన్న హద్దు వెల్డు పొడవులో 8 శాతం. 24 అంగుళాల పైపుకు అది సుమారు 153 మిల్లీమీటర్లు. పగులు అంతకన్నా తక్కువే ఉన్నా, రాగి ఎంతవరకు పాకిందో తేలనప్పుడు నేను కోతనే ఎంచుకుంటాను. కొత్త జాయింటు మొదలుపెట్టే ముందు క్లాంపులోని కాలిన షూను మార్చాలి, లేకపోతే అదే రాగి కొత్త రూట్‌లోకీ చేరుతుంది.