మూడేళ్లు నిలబడి, నడుస్తూ పని చేశాక

ఎత్తు మార్చుకునే డెస్క్ కొని మూడేళ్లు దాటింది. దాని కిందకి వాకింగ్ ప్యాడ్, అంటే డెస్క్ కింద పట్టే పల్చటి ట్రెడ్‌మిల్, వచ్చి ఏడాదిన్నర. కొన్నది నడుం నొప్పి కోసం. డబ్బులు పోశాం కదా అని మొదటి వారం రోజుకు ఆరేసి గంటలు నిలబడ్డాను. నాలుగో రోజుకి మడమలు సలపడం మొదలైంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు బిగుతయ్యేవి. నడుం సంగతి అటుంచితే, కొత్తగా మోకాళ్లు పట్టేశాయి.

తప్పు డెస్క్‌ది కాదు. కాళ్లలోని రక్తం పైకి రావాలంటే పిక్క కండరాలు బిగుస్తూ, సడలుతూ దాన్ని నెట్టాలి. కదలకుండా స్తంభంలా నిలబడితే ఆ పంపు సరిగ్గా పనిచేయదు. కుర్చీలో బిగుసుకుపోవడం మానేసి నిలబడి బిగుసుకుపోయాను, అంతే తేడా.

కూర్చునే ఉద్యోగాలకూ గుండెజబ్బుకూ సంబంధం ఉందనే మాట వచ్చినప్పుడల్లా లండన్ బస్సుల గురించి చెబుతారు. బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ బృందం 1953లో చూపించింది ఏమిటంటే, కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. గమనించండి, కండక్టర్లు ఊరికే నిలబడలేదు, రోజంతా తిరిగారు.

బరువు తగ్గుతారని ప్రకటనల్లో ఊదరగొడతారు, నమ్మొద్దు. 2018లో వచ్చిన ఒక సమీక్ష లెక్క ప్రకారం 65 కిలోల మనిషి కూర్చునే బదులు ఆరు గంటలు నిలబడితే అదనంగా ఖర్చయ్యేది దాదాపు 54 కేలరీలు. ఒక బిస్కెట్‌తో చెల్లుకు చెల్లు. మూడేళ్లలో నా బరువు కిలో కూడా తగ్గలేదు.

ఇప్పుడు అరగంట కూర్చుంటాను, పావుగంట నిలబడతాను. మీటింగుల్లో, భోజనం అయ్యాక గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో నడుస్తాను. కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి తిన్నాక నడవడం మంచిదంటారు. నాకు తెలిసిందల్లా మధ్యాహ్నం కునికిపాట్లు పోయాయి. వేగం పెంచితే మాత్రం మౌస్ గురి తప్పుతుంది. ఒకసారి కెమెరాలో నా తల ఊగడం చూసి, రైల్లో ఉన్నావా అని అడిగారు. శ్రద్ధగా రాయాల్సిన పని అయితే కూర్చునే చేస్తాను.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఎత్తును గుర్తుపెట్టుకునే బటన్లు ఉన్నాయా అని. అవి లేకపోతే నెల తిరక్కుండా డెస్క్ ఒకే ఎత్తులో ఉండిపోతుంది. మోచేతులు లంబకోణంలో వంగాలి, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తులో ఉండాలి. నేను ల్యాప్‌టాప్‌ను నేరుగా డెస్క్ మీద పెట్టి రెండు నెలలు మెడనొప్పి పడ్డాను. కింద మెత్తటి మ్యాట్ ఉంటే మడమలకు హాయి. ప్యాడ్ బెల్టుకు అప్పుడప్పుడు సిలికాన్ ఆయిల్ వేయకపోతే కీచుమంటుంది.

రెండో ఏడాది డెస్క్ కంట్రోల్ బాక్స్ పోయింది. కంపెనీ వాళ్లు మూడు వారాలు తిప్పించుకున్నారు. డెస్క్ కూర్చునే ఎత్తులోనే ఇరుక్కుపోయింది కాబట్టి ఫోన్‌లో అరగంటకోసారి అలారం పెట్టుకుని, లేచి నాలుగు అడుగులు వేసి వచ్చేవాణ్ని. తమాషా ఏమిటంటే ఆ మూడు వారాల్లో నడుం నొప్పి తిరిగి రాలేదు. డెస్క్ బాగైంది కానీ ఆ అలారం ఇంకా తీసేయలేదు.