కాగితం మెనూ పోయాక నాలుగు కాంట్రాక్టులు: ఒక వెయిటరు సమీక్ష

ముందే చెప్పేస్తున్నాను, ఫోను మెనూకు నేను ఇచ్చేది ఐదుకు మూడు మార్కులు. అందులో రెండు అలర్జీలు ఉన్నవాళ్ళ కోసం. మిగిలిన ఒక్కటి నా మోకాళ్ళ తరఫున.

నేను విదేశీ విహార నౌకల్లో వెయిటరుని. ఊరు విశాఖపట్నం, ఇల్లు మర్రిపాలెం. ఏడెనిమిది నెలలు నీళ్ళ మీద, రెండు మూడు నెలలు ఇంట్లో. 2013లో మొదటి కాంట్రాక్టు. కంపెనీ పేరు రాయను, మళ్ళీ ఎక్కాలి కదా. 2020 మార్చి దాకా నా చేతిలో ఉండేది అట్ట మడతలో పెట్టిన కాగితం మెనూ. ఆ నెలలో ప్రపంచంలోని విహార నౌకలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని, 2021 చివర తిరిగి వెళ్ళేసరికి అట్టలు ఒక్కటీ లేవు. ప్రతి బల్ల మధ్యలో అరచేతిలో సగం ఉండే పలక, దాని మీద క్యూఆర్ కోడ్. అప్పటి నుంచి నాలుగు కాంట్రాక్టులు ఆ పలకతోనే గడిచాయి. వారం రోజులు విహారానికి వచ్చి వెళ్ళినవాళ్ళ అభిప్రాయం కాదిది.

పద్ధతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. పెద్ద భోజనశాలలో రాత్రి భోజనం రెండు పంక్తులుగా సాగుతుంది. మొదటిది ఆరుకు, రెండోది ఎనిమిది దాటాక. నా స్టేషన్‌లో ఆరు బల్లలు, ఇరవై నాలుగు మంది. నాకు తోడు ఒక అసిస్టెంటు. వంటకాలు రోజూ మారతాయి. పాత రోజుల్లో నౌకలోనే ఉన్న ముద్రణ గదిలో మెనూ అచ్చయ్యేది. సాయంత్రం అందరం కూర్చుని నిన్నటి కాగితం లాగి ఇవాళ్టిది అట్టలో దూర్చేవాళ్ళం. ఇప్పుడు ప్రయాణికులు నౌక వైఫైకి కలిసి, కోడ్ వైపు కెమెరా పెడితే చాలు. మెనూ నౌకలోని సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి డబ్బు కట్టి ఇంటర్నెట్ కొనక్కర్లేదు. ఈ సంగతి తెలియక మొదటి రాత్రి సగం మంది కంగారు పడతారు.

ఈ కోడ్‌ను తిట్టేవాళ్ళు దాని తెలివిని మాత్రం ఒప్పుకోవాలి. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం కారు విడిభాగాల లెక్క కోసం దీన్ని తయారు చేసింది. రకాన్ని బట్టి ముప్పై శాతం దాకా చెరిగిపోయినా చదవగలదు. మా పలకల మీద టమాటా సాసు ఒలికినా, వెన్న ముద్ర పడినా పని చేసేది. కానీ మూలల్లో మూడు నల్ల చతురస్రాలు ఉంటాయే, వాటి జోలికి వెళ్తే అంతే. ఒక పలకకు ఒక మూల పెచ్చు ఊడింది. ఆ బల్లవాళ్ళు మూడు రాత్రులు పక్క బల్ల పలకను అరువు తెచ్చుకున్నారు. అరువుకు వెళ్ళి అక్కడే కబుర్లలో పడ్డారు, అది వేరే సంగతి.

ఇక నా అసలు ఫిర్యాదు. వెయిటరు పనిలో ఏ శిక్షణలోనూ రాసి ఇవ్వని పాఠం ఒకటుంది. మెనూ తెరిచి ఉన్నంతసేపు బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. మూసి పక్కన పెట్టగానే వెళ్ళాలి. నలుగురిలో ముగ్గురు మూసి ఒకరు ఇంకా తిరగేస్తుంటే ఆ ఒకరికి ఏదో సందేహం ఉన్నట్టు. దగ్గరికి వెళ్ళి చేప గురించి ఒక మాట వేయాలి. ముందు చివరి పేజీ తెరిచినవాళ్ళ మనసు తీపి మీద ఉంటుంది, వాళ్ళకు మొదటి వంటకం తేలికగా ఉన్నది చెప్పాలి. పిల్లవాడు అట్టను నిలబెట్టి దాని వెనక దాక్కున్నాడంటే ఆకలి ముదిరింది, ఆర్డరు సంగతి తరవాత, ముందు బ్రెడ్డు పట్టుకెళ్ళాలి. గది మూలలో నిలబడి ఇరవై నాలుగు మందిని ఒక్క చూపులో చదివేవాణ్ణి.

ఫోను వచ్చాక ఆ చదువు పనికిరాకుండా పోయింది. తల వంచి తెర చూస్తున్న మనిషి చేపకూ మాంసానికీ మధ్య ఊగుతున్నాడా, మనవరాలి ఫొటో చూస్తున్నాడా, ఆఫీసు మెయిలుకు జవాబిస్తున్నాడా? అందరి ముఖాల మీదా ఒకే తెల్లటి వెలుతురు. వెళ్తే ‘ఇంకొక్క నిమిషం’ అంటారు. వెళ్ళకపోతే చివరి రోజు అభిప్రాయ పత్రంలో ‘మమ్మల్ని పట్టించుకున్నవాడు లేడు’ అని రాస్తారు. నా అంచనాలో బల్లకు ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతోంది. ఆరు బల్లలకు అది అరగంట. ఆ అరగంట రెండో పంక్తివాళ్ళు తలుపు బయట నిలబడి నావైపు చూస్తుంటారు.

ఒక రాత్రి ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని ప్రశాంతంగా ఉన్నాడు. రెండుసార్లు వెళ్ళాను, చిరునవ్వు నవ్వాడు, నేను తిరిగి వచ్చాను. మూడోసారి వెళ్తే ‘నా సూప్ ఎప్పుడు వస్తుంది’ అన్నాడు. తీరా చూస్తే, మెనూలో వంటకం పేరు పక్కన హృదయం గుర్తు ఉంది. నచ్చినవి దాచుకోవడానికి పెట్టినది. దాన్ని నొక్కితే వంటింటికి కబురు వెళ్ళిపోయిందనుకున్నాడు. ఇరవై నిమిషాలు సూప్ కోసం ఎదురుచూశాడు పాపం. మా నౌకలో ఆ మెనూ చదవడానికి మాత్రమే, ఆర్డరు ఇప్పటికీ నోటితోనే చెప్పాలి. ఆ ముక్క తెర మీద ఎక్కడా రాయలేదు. పై అధికారికి చెప్పాను. రెండు కాంట్రాక్టుల తరవాత రాశారు, అదీ అన్నిటికన్నా కింద.

వైఫై గురించి ఎక్కువ చెప్పను. నౌక అంటే ఉక్కు పెట్టె. ఉక్కు గోడల మధ్య సిగ్నలు ఎలా నలుగుతుందో షిప్‌యార్డులో వెల్డరుగా పని చేసి రిటైరైన మా నాన్నకు వివరించనక్కర్లేదు. ఆరింటికి వందల మంది ఒకేసారి తెరిస్తే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. పగలంతా రేవులో ఫొటోలు తీసి వచ్చినవాళ్ళ ఫోనులో ఆరు శాతం చార్జి మిగులుతుంది. ఇంకొందరు విహారానికి వచ్చిందే ఫోనుకు దూరంగా ఉందామని. దాన్ని కేబిన్‌లో బీరువాలో పెట్టి వస్తారు. వాళ్ళకు మనం ఏమని చెప్పగలం?

పెద్దవాళ్ళ సంగతి వేరు. భోజనశాలలో దీపాలు సాయంత్రానికి తగ్గిస్తారు. కాగితమైతే కొవ్వొత్తి దగ్గరికి జరిపి, చేయి చాచి దూరం పెట్టుకుని చదివేవాళ్ళు. ఫోనులో అక్షరం పెద్దది చేస్తే వంటకం పేరు ఒక వైపు, దానిలో ఏముందో ఇంకో వైపు పోతాయి. అటూ ఇటూ జరిపేసరికి పేజీ కాస్తా పైకి పోతుంది. డెబ్భై దాటిన ఒకావిడ నాలుగో రాత్రి ఫోను బోర్లా పెట్టి, ‘నిన్న ఏం తెచ్చావో అదే తీసుకురా’ అంది. ఆ రోజు మెనూలో అది లేదు. వంటింట్లో బతిమాలి చేయించాను. ఆ మర్నాడే సైడ్ స్టాండు (బల్లల పక్కన వడ్డన సామాను పెట్టుకునే అల్మారా) కింది అరలో నాలుగు కాగితం మెనూలు దాచడం మొదలుపెట్టాను. ముద్రణ గదిలో గోవా మిత్రుడు ఒకడున్నాడు, అతనికి నేను మా అమ్మ పెట్టిన ఆవకాయ ఇస్తాను. ఆ కాగితాల పక్కనే రెండు జతల చదువు కళ్ళద్దాలు కూడా.

తెలుగువాళ్ళు నా బల్లకు రావడం అరుదు. ఒకసారి అనకాపల్లి దంపతులు వచ్చారు, అమెరికాలో ఉన్న కొడుకు టిక్కెట్లు కొనిచ్చాడట. నా చొక్కా మీది పేరు బిళ్ళలో దేశం చూసి, ఊరు అడిగి, విశాఖ అనగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. మెనూను ఫోనే తెలుగులోకి మారుస్తుందని కొడుకు నేర్పాడు. మార్చి చూపించారు. సోల్ అనే చేప ‘వెన్నలో వేయించిన అరికాలు’ అయింది. సలాడు మీద పోసే డ్రెస్సింగ్ దగ్గర ‘దుస్తులు మీ ఇష్టం’ అని వచ్చింది. ఆయన గంభీరంగా చదివి, ‘ఇష్టం అని ముందే చెబితే పంచె కట్టుకుని వచ్చేవాణ్ణి కదయ్యా’ అన్నారు. విరగబడి నవ్వాను, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఆ తరవాత ఆరు రాత్రులు వాళ్ళు ఫోను తీయలేదు. ‘బాబూ, మాకు ఏది పడుతుందో నువ్వే చెప్పు’ అనేది ఆవిడ.

తిట్టింది చాలు. ఆ రెండు మార్కులు ఎందుకు ఇచ్చానో చెప్పాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ కారకంగా జాబితాలో చేరాయి. నువ్వుల పొడి లేనిదే ముద్ద దిగని మనకు ఇది వింతగా ఉంటుంది కానీ, పడనివాళ్ళకు అది ప్రాణం మీదికి వచ్చే విషయం. కాగితం రోజుల్లో ఇలాంటి మార్పు వస్తే మెనూలన్నీ మళ్ళీ అచ్చు వేయాలి. ఫోనులో ఒక్క రాత్రిలో ప్రతి వంటకం పక్కన గుర్తు వచ్చేసింది. ప్రయాణికులు తమకు పడనిది ఎంచుకుంటే ఆ వంటకాలు జాబితాలోంచి తప్పుకుంటాయి. సాయంత్రం ఐదింటికి వంటింట్లో సాసు మార్చినా ఐదుంపావుకు మెనూలో మారుతుంది. మునుపు ఆ మార్పును నేను బల్ల బల్లకూ నోటితో చెప్పేవాణ్ణి. ఒక బల్లకు మరిచిపోతే? ఆ భయంతో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో. అలర్జీ ఉన్నవాళ్ళు రేపటి భోజనం ఇవాళ రాత్రే మాకు చెప్పే ఆనవాయితీ నౌకల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు వాళ్ళు కేబిన్‌లో తీరికగా చదువుకుని వస్తున్నారు. ఒక్క ఈ పనికి ఫోను మెనూను ఎవరు తీసేయబోయినా నేనే అడ్డు పడతాను.

మోకాళ్ళ మార్కు గురించి వివరించేదేమీ లేదు. ఇరవై నాలుగు అట్టలు పంచి, ఏరి, తుడిచి, మళ్ళీ పేర్చే పని తప్పింది.

శుభ్రత కోసమే ఇదంతా అని మొదట్లో చెప్పారు. ఉపరితలాలను తాకడం వల్ల కోవిడ్ సోకే అవకాశం చాలా తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే చెప్పింది. నౌకల్లో అసలు భయం నోరో వైరస్. వాంతులు, విరేచనాలు తెచ్చే ఆ వైరస్ చేతుల మీదుగా, తాకిన వస్తువుల మీదుగా పాకుతుంది, చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రవానికి సరిగ్గా లొంగదు, సబ్బు నీళ్ళే గతి. కాగితం మెనూ అట్టలను మేము రోజూ మందు నీళ్ళతో తుడిచేవాళ్ళం. మరుగుదొడ్డిలో కూడా చేతిలోనే ఉండి, బల్ల మీద బ్రెడ్డు పక్కన పవళించే ఫోనును ఎవరు తుడుస్తున్నారు?

సెలవుకు వచ్చాక మన ఊళ్ళోనూ ఇదే చూస్తున్నాను. గత నెల అమ్మానాన్నలను సిరిపురం వైపు ఒక హోటలుకు తీసుకెళ్ళాను. బల్లకు అతికించిన కోడ్ ఉంది. తెరిస్తే మెనూ కంటే ముందు ఫోను నంబరు అడిగింది. ‘వంటల పేర్లు చెప్పడానికి నా నంబరెందుకు నాన్నా వీళ్ళకి?’ అన్నారు నాన్న. సరైన ప్రశ్నే. బిల్లు కోసం నంబరు ఇచ్చి తీరాలని కొనుగోలుదారులను పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు సూచించింది కూడా. నౌకలో మమ్మల్ని ఎన్ని అన్నా ఈ పాపం మాత్రం మాకు లేదు. నంబరు ఇస్తే వచ్చింది ఏమిటంటే, పాత కాగితం మెనూను ఫొటో తీసి పెట్టిన పద్నాలుగు పేజీలు. అమ్మ కళ్ళు నలుపుకుంది. చివరికి వడ్డించే కుర్రాణ్ణి పిలిచాను. నాటుకోడి పులుసు, రొయ్యల వేపుడు, బొంగులో చికెన్ అంటూ గుక్క తిప్పుకోకుండా ఇరవై పేర్లు చెప్పాడు, ధరలతో సహా. నాన్న బొంగులో చికెన్ దగ్గర చెయ్యెత్తి ఆపారు. ఆ కుర్రాడు రేపు నౌక ఎక్కినా నెగ్గుకొస్తాడు.

మా అమ్మ ట్రంకు పెట్టెలో నా మొదటి కాంట్రాక్టు ఆఖరి రాత్రి మెనూ ఉంది. స్టేషన్‌లోని అతిథులందరూ సంతకాలు చేసి ఇచ్చారు. మూలలో వైన్ మరక. కాగితం రోజుల్లో ప్రయాణికులు మెనూలు దాచుకుని పట్టుకెళ్ళడం మామూలే. టైటానిక్ నౌకలో 1912 ఏప్రిల్ 11 రాత్రి మొదటి తరగతి భోజనం మెనూ 2023లో వేలంలో 80 వేల పౌండ్లకు పైగా పలికింది. మా అమ్మ దానికి అంత రావాలని అడగదు లెండి. కానీ ఈ నాలుగు కాంట్రాక్టుల నుంచి ఆ పెట్టెలోకి ఒక్కటీ చేరలేదు.

విశాఖ రేవులోనూ 2023 సెప్టెంబరులో విహార నౌకల టెర్మినల్ తెరిచారు కాబట్టి మనవాళ్ళూ ఎక్కే రోజులివి. ఎక్కబోయేవాళ్ళకు నా మాట: నౌక కంపెనీ యాప్‌ను ఇంట్లో వైఫై మీదే దించుకోండి. నౌక కదిలే ముందు ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లోకి మార్చి వైఫై మాత్రం తెరవండి, లేకపోతే నడి సముద్రంలో నౌక సెల్ టవరు పట్టుకుని రోమింగు బిల్లు ఇంటి దాకా వెంట వస్తుంది. భోజనానికి వెళ్ళే ముందు కేబిన్‌లోనే మెనూ చదివేయండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే, కాగితం మెనూ ఉందా అని వెయిటరును మెల్లగా అడగండి. లేదని కంపెనీ చెబుతుంది. వెయిటరును అడగండి.

వచ్చే నెలలో మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి కాగితం అసలు కనబడకూడదని ముందే మెయిలు వచ్చింది, గోవా మిత్రుడికి కూడా. మొన్న జగదాంబ కూడలిలో కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళి చదువు అద్దాలు ఆరు జతలు అడిగాను, ఒకటిన్నర పవరు రెండు, రెండు పవరు రెండు, రెండున్నర రెండు. దుకాణం ఆయన జతలు కట్టి ఇస్తూ, ‘అన్నీ ఇంట్లోవాళ్ళకేనా బాబూ?’ అని అడిగారు.

‘అవునండీ, బల్లకొకటి’ అన్నాను.