చలివేంద్రమా, మొక్కలా, ఇంకుడు గుంతా? అనంతపురం కాలనీకి ట్యాంకరు లెక్క

ఉగాది దగ్గర పడేసరికి అనంతపురం కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. పచ్చడి పంచి ఊరుకుందామా, నాలుగు కాలాలు నిలిచే పని ఏదైనా పెట్టుకుందామా? ఒకరు చలివేంద్రం అంటారు, ఇంకొకరు మొక్కలంటారు, బోరు ఎండిన వీధివాళ్లు ఇంకుడు గుంతలంటారు. ఎవరినీ నొప్పించకుండా మూడూ ఒకేసారి ఎత్తుకున్న సంఘానికి మే నెల చివరికి ఏదీ మిగలదు.

పాతికమంది మనుషులు, వాళ్ల ఆదివారాలు, నీళ్లు. కాలనీ చేతిలో ఉండేది ఇంతే. ఇందులో మన ఊళ్లో అన్నిటికన్నా ప్రియమైంది నీళ్లే కాబట్టి అందరికీ తెలిసిన 5,000 లీటర్ల ట్యాంకరుతోనే మూడు పనులనూ కొలుద్దాం. మా తీర్పు ముందే చెప్పేస్తాం: ఉగాదికి మొక్కలు నాటొద్దు. వంతులకు మనుషులు ఖాయంగా ఉంటే చలివేంద్రం పెట్టండి. లేకపోతే ఆ ఓపికంతా ఇంకుడు గుంత మీద పెట్టండి.

మొక్కలు: పని మంచిదే, నెల తప్పు

మార్చిలో నాటిన మొక్క వేరు పట్టకముందే నలభై డిగ్రీల ఎండ మీద పడుతుంది. రోజు విడిచి రోజు పది లీటర్లు తగ్గకుండా పోయాలి. ఉగాది మార్చి 19న వచ్చిందనుకుందాం. జూన్ 15 దాకా 88 రోజులు, 44 తడులు. యాభై మొక్కలకు తడికి 500 లీటర్లంటే మొత్తం 22,000 లీటర్లు. నాలుగున్నర ట్యాంకర్లు. జూన్‌లో ఒక వాన పడి జులై అంతా ముఖం చాటేయడం మన జిల్లాకు కొత్త కాదు కాబట్టి ఇంకో ఒకటిన్నర ట్యాంకరు కలుపుకోండి, ఆరవుతుంది. ఇంత పోసినా ఎన్ని బతుకుతాయో పూచీ లేదు.

దేశమంతటా వనమహోత్సవం జులై మొదటి వారంలో చేస్తారు. అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ 1950లో మొదలుపెట్టినప్పటి నుంచీ అదే లెక్క. జులైలో భూమి నానే ప్రాంతాలకు అది సరిపోతుంది. పడమటి కనుమలు వాన మేఘాలను అడ్డుకునే వాననీడలో ఉన్న అనంతపురానికి గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఇక్కడ ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు నాటిన మొక్కే తెలివైన మొక్క. దానికీ మరుసటి ఎండాకాలం తప్పదు గానీ, అప్పటికి ఆరేడు నెలల వేరు లోపలికి దిగి ఉంటుంది. వారానికొకసారి పదిహేను లీటర్లు పోస్తే ఓర్చుకుంటుంది. యాభై మొక్కలకు పద్నాలుగు వారాలకు 10,500 లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల పైచిల్లర. అవే మొక్కలు, అదే నేల. నెల మారితే నాలుగు ట్యాంకర్లు మిగిలాయి.

ఎండాకాలంలో మొక్కల కోసం చేయదగ్గ పని ఒకటుంది, అది గుంతలు తీయడం. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు చాలు. మే నెలలో తీసి రెండు మూడు వారాలు ఎండకు వదిలేస్తే మట్టిలోని పురుగూ తెగులూ చాలా వరకు చస్తాయి. తర్వాత పైమట్టిలో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి ముప్పాతిక వంతు పూడ్చేయండి. వీధి పక్క గుంతను తెరిచి వదిలేస్తే రాత్రి స్కూటరు పడుతుంది, ముందే గుర్తుగా రాళ్లు పేర్చండి. పైన కరెంటు తీగలుంటే వేప, కానుగ వద్దు. నాలుగేళ్లు పెంచింది లైన్‌మన్ కత్తికి పోతుంది.

చలివేంద్రం: నీళ్లు తక్కువ, మనుషులు ఎక్కువ

రోజుకు నాలుగు వందల మంది, మనిషికి అర లీటరు అనుకుంటే 200 లీటర్లు, అంటే పది క్యాన్లు. అరవై రోజులకు 12,000 లీటర్లు. రెండున్నర ట్యాంకర్లు లేవు. ఆరు ట్యాంకర్లు తాగి ఎండిపోయే మొక్కల పక్కన పెట్టి చూస్తే ఇది పుణ్యానికి పుణ్యం, లెక్కకు లెక్క.

చిక్కు వంతుల్లో ఉంది. ఉదయం పదికి తెరిచి సాయంత్రం ఐదుకు మూసేదాకా రోజుకు రెండు వంతులు, అరవై రోజులకు 120 వంతులు. పాతికమంది ఉంటే మనిషికి ఐదు. వినడానికి చిన్నదే, కానీ మార్చి రెండో సగంలో పదో తరగతి పరీక్షలు, ఆ తర్వాత పెళ్లిళ్లు, ఊరి జాతరలు. ఉగాదికి రిబ్బను కత్తిరించిన చలివేంద్రాల్లో చాలా వాటికి ఇరవయ్యో రోజుకల్లా ఖాళీ కుండలు, వాడిన మామిడి తోరణమే మిగులుతాయి. నీళ్లు నింపే పని ఒక్కరి మీదే పెట్టడం దీనికి మొదటి కారణం. పక్కనున్న టీ కొట్టతనికో, మందుల షాపతనికో తాళం ఇచ్చి, పేర్ల పట్టిక అక్కడే అట్టమీద అంటించండి. పట్టికలో 120 గళ్లూ నిండకపోతే చలివేంద్రం మొదలుపెట్టకండి. ముప్పై రోజులకే పేర్లొస్తే ఏప్రిల్ 15 నుంచి మే 15 దాకా నడపండి. ఎండ ముదిరేదీ అప్పుడే.

చోటు సంగతి. కాలనీ లోపల పెడితే తాగేవాళ్లు ఉండరు. సర్వజన ఆసుపత్రి, ఆర్టీసీ బస్టాండు, టవర్‌క్లాక్ దగ్గర ఇప్పటికే చాలా వెలుస్తాయి. షేర్ ఆటోలు ఆగే మలుపు, రేషన్ షాపు, అడ్డా కూలీలు నిలబడే చోటు చూసుకోండి. కానుగ నీడ దొరికితే వదలొద్దు. వసంతంలో పాత ఆకు రాల్చి వెంటనే కొత్తాకు తొడుగుతుంది కాబట్టి ఏప్రిల్‌కి దాని నీడ చిక్కగా ఉంటుంది.

మన గాలి పొడి గాలి, అందుకే మట్టికుండ ఇక్కడ బాగా పనిచేస్తుంది. కుండ గోడ గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. అంటే కుండకు గాలి తగలాలి. మూడు వైపులా రేకులు కట్టి లోపల కుండ పెట్టి, చల్లబడలేదని కుమ్మరిని తిట్టేవాళ్లున్నారు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వాడండి. కుండ కింద అరడుగు మందం ఇసుక పోసి తడుపుతూ ఉండాలి, చుట్టూ తడి గోనెసంచి కట్టాలి. మూడో వారానికి కుండ బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. బోరు నీళ్లయితే ఇంకా ముందే. అది రంధ్రాలు మూసేస్తుంది, చల్లదనం పోతుంది. కొబ్బరి పీచుతో రుద్ది కడగండి, సబ్బు వాడొద్దు. సబ్బును మట్టి పీల్చుకుంటే వారం దాకా వాసన వదలదు. నాలుగు కుండలు కొని, మూడు వాడుతూ ఒకటి ఆరబెడుతూ తిప్పండి.

బోరు నీళ్లను తాగడానికి పెట్టకండి, రుచి బాగున్నా సరే. మన జిల్లా భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. మరిగించినా అది పోదు, కుండలో పోసినా పోదు. మున్సిపల్ కుళాయి నీళ్లో, పరీక్ష చేయించిన ప్లాంటు నీళ్లో వాడండి. కుళాయి నీళ్లు సింటెక్సులో ఒకటి రెండు రోజులు నిలవ ఉంటే క్లోరిన్ తగ్గిపోతుంది. క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను చూపే చిన్న పరికరం) చూసి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి పోయండి. కుండలో గ్లాసు ముంచనివ్వకండి. కుళాయి బిగించిన కుండ గానీ, పొడుగు కాడ గరిటె గానీ ఉండాలి. పేపరు కప్పులు పెడితే సాయంత్రానికి కాలువ నిండుతుంది. స్టీలు గ్లాసుతో ఎత్తి పోసుకు తాగమని బోర్డు పెట్టండి, సీసా తెచ్చుకున్నవాళ్లకు నింపి ఇవ్వండి.

మజ్జిగ, రాగి అంబలి మాట కూడా వస్తుంది. ఆదివారాలకు పరిమితం చేసుకోండి. ఉదయం పదికి కలిపిన మజ్జిగ మధ్యాహ్నం రెండుకల్లా పులిసి గొంతు గీరుతుంది. శ్రీరామనవమి నాడు పానకం పోస్తారు ఎలాగూ. ఆ రోజు గిన్నెల మీద మూత, చుట్టూ ఈగల కాపలా రెండూ ఉండేలా చూడండి.

ఇంకుడు గుంత: మూడు ఆదివారాలు, తర్వాత ఏళ్లకేళ్లు

మిద్దె మీద పడిన వానను గొట్టంతో దించి నేలలోకి ఇంకించే గుంత ఇది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె తీసుకోండి. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆవిరయ్యేది, చిమ్మిపోయేది పోను ఎనభై శాతం పట్టుకుంటే 40,000 లీటర్లు. ఎనిమిది ట్యాంకర్లు. మిగతా రెండు పనులూ నీళ్లు అడుగుతాయి, ఇది ఇస్తుంది. అయితే ఇంకిన నీళ్లన్నీ మీ బోరులోకే వస్తాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. కింద గ్రానైటు రాయి, పగులు ఎటుంటే నీళ్లు అటు పోతాయి. వీధిలో ఒక్క ఇంటికి తవ్వితే ఫలితం కంటికి కనబడదు. అందుకే ఇది కాలనీ మొత్తం కలిసి చేయాల్సిన పని.

తవ్వకముందు నేలను అడగాలి. అడుగు లోతు గుంట తీసి, ముందురోజు నీళ్లతో నింపి నానబెట్టండి. మర్నాడు మళ్లీ నింపి గంట చూడండి. అంగుళం, అంతకన్నా ఎక్కువ దిగితే తవ్వొచ్చు. పావు అంగుళం కూడా దిగకపోతే వదిలేయండి. అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేలలు, గరుసు నేలలు చాలా వరకు పాసవుతాయి. ఉరవకొండ, గుంతకల్లు, తాడిపత్రి వైపు నల్లరేగడి తప్పుతుంది. కర్నూలు నల్లనేలల్లోనూ అంతే. అక్కడ గుంత తవ్వితే దోమలకు ఇల్లు కట్టినట్టే. ఆ ఊళ్లవాళ్లు చలివేంద్రంతో ఆగడం మేలు.

కొలత ఐదడుగులు, మూడు వైపులా. అంటే 125 ఘనపుటడుగులు. అడుగున రెండున్నర అడుగులు 40 ఎంఎం కంకర, దానిపైన అడుగుంపావు 20 ఎంఎం కంకర, ఆపైన అరడుగు ముతక ఇసుక. పైన ముప్పాతిక అడుగు ఖాళీగా వదలాలి. కంకర రెండూ కలిపి ఒక ట్రాక్టరు సరిపోతుంది. రాళ్ల సందులు, పై ఖాళీ కలిసి దాదాపు 1,700 లీటర్లు పడతాయి. ఆ మిద్దె మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే వచ్చేది 1,500. అంతకు మించిన వానకు పొంగుగొట్టం కాలువలోకి పెట్టాల్సిందే.

ఎండాకాలపు ఎర్రనేల రాయిలా ఉంటుంది. శనివారం సాయంత్రం గీత గీసి, అరడుగు తవ్వి, నాలుగు బిందెలు పోసి వదిలేస్తే ఆదివారం గడ్డపార దిగుతుంది. ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి. మొదటి ఆదివారం మూడడుగులు, రెండోది మిగతా రెండు, మూడోది కంకర, గొట్టం. తవ్విన మట్టిని అంచుకు మూడడుగుల లోపు పోయొద్దు, ఆ బరువుకు గోడ విరిగి లోపలున్నవాళ్ల మీద పడుతుంది. రాత్రి రేకు, ముళ్లకంప కప్పాలి. పునాదికి ఐదారడుగుల దూరం, సెప్టిక్ ట్యాంకుకు ఇరవై అడుగుల దూరం వదలండి. రోడ్డు వారనైతే నగరపాలక సంస్థ అనుమతి తీసుకుని, పైపులూ కేబుళ్లూ ఎటున్నాయో అడిగాకే పార పట్టండి.

గుంతలు ఊరికే పాడుకావు. బట్టలుతికిన నీళ్ల గొట్టం ఎవరో ఒకరు దొంగచాటుగా కలుపుతారు. మిద్దె మీద ఆరు నెలల దుమ్ము, పావురాల రెట్ట తొలివానకు నేరుగా దిగి ఇసుకను మూసేస్తుంది. మిద్దె నుంచి దిగే గొట్టానికి ‘T’ ఆకారపు జాయింటు పెట్టి, కింద ఎండ్‌క్యాప్ (బిగించే మూత) ఉంచండి. తొలివాన పది నిమిషాలు దాన్ని తీసి బయటికి వదిలేసి తర్వాత బిగించండి. ఏటా మే నెలలో పైనున్న రెండంగుళాల ఇసుక గీకి కొత్తది వేయండి. వాన వెలిశాక మూడు రోజులకు కూడా నీళ్లు నిలిచి ఉంటే మూసుకుపోయినట్టే.

ఊళ్లోంచి పారే నడిమివంక వాగును శుభ్రం చేద్దామని కూడా కొందరంటారు. 2022 అక్టోబరు వరదల తర్వాత ఈ మాట బలంగానే వినిపిస్తోంది. అది జేసీబీల పని, నగరపాలక సంస్థ పని. పిల్లల్ని మురుగులోకి దించకండి. ఎక్కడెక్కడ పూడిందో ఫొటోలు తీసి మే నెలలోనే అర్జీ పెట్టండి, చాలు.

చలివేంద్రం మూసేసిన రోజు కుండలు పారేయకండి. పగుళ్లు లేని చిన్న కుండలకు అడుగున సన్నని రంధ్రం చేసి నూలు వత్తి దూర్చి దాచండి. సెప్టెంబరులో నాటే మొక్కల్లో కుండలు ఎన్నుంటే అన్నిటి పక్కన అడుగు దూరంలో ఒక్కోటి మెడదాకా పాతి, నింపి మూత పెడితే ఐదు లీటర్లు నిదానంగా వేరుకే చేరతాయి. పాదులో శెనక్కాయ పొట్టు పరచండి, కాండానికి బెత్తెడు దూరం వదిలి. ఆనించి పోస్తే చెదలు పడతాయి.