బ్యాట్‌మొబైల్‌కి నిజం టర్బైన్ పెట్టాలంటే ఏది మేలు?

తెర మీద చూసిన బ్యాట్‌మొబైళ్లలో, అంటే బ్యాట్‌మ్యాన్ నడిపే కార్లలో, టర్బైన్ (వేడి వాయువు తోపుతో రెక్కలు తిరిగే ఇంజిన్) ఉన్నట్టే చూపించారు కానీ, లోపల ఉన్నది మామూలు పెట్రోల్ ఇంజినే. 1955లో లింకన్ చేయించిన ఫ్యూచురా అనే ప్రదర్శన కారుని జార్జ్ బారిస్ మార్చి 1966 టీవీ సీరియల్ బండి తయారుచేశాడు. కథలో దానికి అణుశక్తి, టర్బైన్లు. బానెట్ కింద మాత్రం వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. 1989 సినిమా బండి షెవ్రొలే ఇంపాలా ఛాసిస్ మీద నిలబడింది. 2005 సినిమాలో వచ్చిన టంబ్లర్ అనే బండిది 5.7 లీటర్ల వీ8. అంటే నిజం టర్బైన్‌తో నకలు కట్టేవాడు అసలు బండి చేయని పని చేస్తున్నట్టు. కాబట్టి ఏ టర్బైన్, ఏ బాడీ అన్నది ముందే తేల్చుకోవాలి.

అందరికీ మొదట తట్టేది టర్బోజెట్. వేడి వాయువుని వెనక్కి చిమ్మి, ఆ తోపుతోనే బండిని కదిలించేది. చూడ్డానికి అదిరిపోతుంది, ఇంజిన్ నుంచి చక్రాలకు గేర్లేమీ అక్కర్లేదు. కానీ సిగ్నల్ దగ్గర వెనక ఆగిన కారు సంగతేమిటి? పైగా రోడ్డు మీద వెళ్లే వేగాల్లో జెట్ తోపు మహా దండగ, ఇంధనంలో చాలా భాగం గాలిని వేడి చేయడానికే పోతుంది. రన్‌వే మీద ప్రదర్శనకైతే సరే. తిప్పుకునే బండికి నేనైతే దీన్ని లెక్కలోకే తీసుకోను.

రెండోది పాత విమానాల్లోంచి తీసిన ఏపీయూ, అంటే విమానం నేల మీద ఉన్నప్పుడు కరెంటూ గాలీ అందించే చిన్న టర్బైన్. చిన్నగా, చక్కగా ఉంటుంది కాబట్టి చాలామందికి దీని మీద మనసు పోతుంది. చిక్కు ఏమిటంటే వీటిలో ఎక్కువ వాటికి ఒకటే షాఫ్ట్, ఒకే వేగంతో తిరగడానికి చేసినవి. చక్రాలకి కలిపారా, బండి నెమ్మదించినప్పుడల్లా కంప్రెసర్ (గాలిని లోపలికి పీల్చి నొక్కే భాగం) కూడా నెమ్మదించి ఇంజిన్ ఆగిపోతుంది. జనరేటర్ తిప్పించి, ఆ కరెంటుతో మోటార్లు నడిపితే మాత్రం పనికొస్తుంది.

మూడోది హెలికాప్టర్ల టర్బోషాఫ్ట్. నా ఓటు దీనికే. ఇందులో రెండు టర్బైన్లు ఉంటాయి. మొదటిది కంప్రెసర్‌ని తిప్పుతుంది. దాన్ని దాటి వచ్చిన వాయువు రెండోదాన్ని తిప్పుతుంది, అదే చక్రాలకి శక్తినిచ్చేది. రెండిటికీ మధ్య ఇనుప బంధం ఏమీ లేదు, వాయువే వారధి. కాబట్టి బ్రేకు తొక్కి బండిని ఆపినా ఇంజిన్ ఆగదు, క్లచ్ అవసరం రాదు, బండి నిలబడి ఉన్నప్పుడే టార్క్ (తిప్పే బలం) అన్నిటికన్నా ఎక్కువ. అల్లిసన్ 250 లాంటి ఇంజిన్ దాదాపు 70 కిలోల బరువుతో 300 పైచిలుకు హార్స్‌పవర్ ఇస్తుంది. ఎమ్‌టీటీ అనే అమెరికా కంపెనీ వాళ్లు ఏకంగా మోటార్‌సైకిల్‌కే దాన్ని బిగించారు.

ఇక్కడే అసలు కష్టాలూ ఉన్నాయి. యాక్సిలరేటర్ తొక్కాక టర్బైన్ వేగం అందుకోవడానికి కాస్త ఆలస్యం. కాలు తీస్తే పెట్రోల్ బండిలా ఇంజిన్ పట్టి ఆపదు, కాబట్టి బ్రేకులు ఒక సైజు పెద్దవే పెట్టాలి. క్రైస్లర్ కంపెనీ 1963-66లో జనానికి నడిపి చూడమని ఇచ్చిన టర్బైన్ కార్లలో ఇలాంటి కష్టాలకి మందు వెతికింది. వాయువు దారిని మార్చే కదిలే రెక్కలు పెట్టి ఇంజిన్ బ్రేకింగ్ తెచ్చింది, ఎగ్జాస్ట్ వేడిని తిరిగి లోపలి గాలికి ఎక్కించే రీజెనరేటర్లతో ఎగ్జాస్ట్‌ని చల్లబరిచింది. హెలికాప్టర్ ఇంజిన్‌కి ఆ సదుపాయాలు లేవు. దాని ఎగ్జాస్ట్ వందల డిగ్రీల వేడి. ఫైబర్ బాడీ పక్కనుంచి ఆ గొట్టం వెళ్తుంటే టెన్షన్ పడాల్సిందే. స్టార్టింగ్‌లో బ్యాటరీ బలహీనంగా ఉంటే మరీ ప్రమాదం: తగినంత తిరగకముందే ఇంధనం మండి, టర్బైన్ రెక్కలు మాడిపోతాయి. ఇక గేర్‌బాక్స్. 1967 ఇండియానాపొలిస్ రేసులో పార్నెల్లీ జోన్స్ నడిపిన టర్బైన్ కారు గెలుపు అంచున ఆగిపోయింది. పాడైంది టర్బైన్ కాదు, ట్రాన్స్‌మిషన్‌లో ఒక బేరింగ్.

ఇన్ని తిప్పలు వద్దనుకుంటే వీ8 పెట్టుకుని వెనక ప్రొపేన్ మంట వేసుకోవచ్చు. ప్రతి మెకానిక్‌కీ తెలిసిన ఇంజిన్, ఎక్కడైనా దొరికే స్పేర్లు. ఊరంతా తిరగాలనుంటే నిజాయితీగా ఇదే మేలు. ఇంకో తమాషా, టర్బోషాఫ్ట్ వేడి గాలి వదులుతుందే తప్ప వెనక మంట చిమ్మదు. ఆ దృశ్యం కావాలంటే టర్బైన్ బండికీ ప్రొపేన్ పెట్టాల్సిందే.

బాడీ విషయంలో నేను 1989 వైపే. ముక్కు మీద గాలి లోపలికి వెళ్లే నోరు, తోక మధ్యలో పెద్ద గొట్టం. డిజైనర్ ఆంటన్ ఫర్స్ట్ అలంకారంగా పెట్టినవే, టర్బైన్‌కి సరిగ్గా కావాల్సినవి. నోటికి జల్లెడ మాత్రం తప్పదు, ఒక్క గులకరాయి లోపలికి పోయినా కంప్రెసర్ గల్లంతే. 1966 బండి అందంగా ఉంటుంది గానీ అంత గాలి పీల్చే దారి దానికి లేదు. టంబ్లర్‌లో ఇంజిన్‌కి చోటు దొరుకుతుంది, బరువే ఎక్కువ.

కట్టాక నాలుగు నకళ్లు అమ్ముకుందామనుకునేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. 2015లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు బ్యాట్‌మొబైల్ కూడా కాపీరైట్ ఉన్న పాత్రే అని తీర్పునిచ్చి, నకళ్లు తయారుచేసి అమ్మిన వర్క్‌షాపు యజమాని మీద బ్యాట్‌మ్యాన్ కథల ప్రచురణ సంస్థ డీసీ కామిక్స్‌ని గెలిపించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ కేసుని విచారణకి తీసుకోలేదు.