చదును దారే అంటారు, నమ్మకండి: స్కార్‌బరో నుంచి విట్బీకి పాత రైలు కట్ట మీద

సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లని అడిగినా, బస ఇచ్చేవాళ్లని అడిగినా ఒకటే మాట: "పాత రైలు దారి కదండీ, చదునుగానే ఉంటుంది." ఆ మాట పట్టుకుని సన్న టైర్ల సైకిళ్లతో, ఎనిమిదేళ్ల పిల్లలతో బయల్దేరిన కుటుంబాలు దారి మధ్యలో కొండ మీదున్న రావెన్‌స్కార్ చేరేలోపే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తాయి. దారి బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ చదును మాత్రం కాదు.

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, యార్క్‌షైర్‌లో ఉందీ దారి. పొడవు సుమారు 35 కిలోమీటర్లు, అక్కడి లెక్కలో 22 మైళ్లకు కాస్త తక్కువ. 1885లో ఇక్కడ రైలు మొదలైంది. దేశమంతటా నష్టాల లైన్లు ఎత్తేస్తున్న రోజుల్లో, 1965 మార్చిలో ఇదీ ఆగిపోయింది. పట్టాల కింద కంకరకు బదులు బొగ్గు బూడిద పోశారు కాబట్టి సిండర్ ట్రాక్ అనే పేరు నిలిచింది. ఇప్పుడు నడిచేవాళ్లు, సైకిళ్లు, గుర్రాలు అందరిదీ ఇదే దారి. టికెట్టూ లేదు, గేటు రుసుమూ లేదు.

ఎత్తుల సంగతి ముందే తెలుసుకోవాలి. దారికి శిఖరం రావెన్‌స్కార్, సముద్రమట్టానికి దాదాపు 190 మీటర్లు. విట్బీ వైపు ఒడ్డున ఉన్న రాబిన్ హుడ్స్ బే అనే ఊరి నుంచి ఎక్కితే 39 మీటర్లకు ఒక మీటరు లేస్తుంది. రైలుకు అది చాలా ఏటవాలు. సముద్రం మీది తేమకు పట్టాలు జారి ఇంజన్లు మధ్యలోనే ఆగిపోయేవి, వెనక్కి దిగి, ఊపు తీసుకుని మళ్లీ ఎక్కాల్సి వచ్చేది. సైకిలుకు అదేమంత ఏటవాలు కాదు. కానీ ఎక్కడా తెరిపి ఇవ్వదు, పైగా కింద నేల మెత్తన. తారు రోడ్డు మీద హాయిగా తొక్కేవాళ్లు కూడా ఇక్కడ చిన్న గేరులోకి దిగాల్సిందే.

అందుకే స్కార్‌బరోలోనే మొదలుపెట్టండి. ఆ వైపు నుంచి ఎక్కుడు పదిహేడు కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంటుంది. గట్టి భాగమంతా హేబర్న్ వైక్ దాటాకే. అక్కడి నుంచి రావెన్‌స్కార్ చేరితే రాబిన్ హుడ్స్ బే దాకా ఎనిమిది కిలోమీటర్లు దిగుడే.

స్కార్‌బరోలో దారి మొదలయ్యేది సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ వెనక. నీళ్లు, అరటిపళ్లు అక్కడే కొనేయండి. స్కాల్బీలో పాత కట్ట మీద ఇళ్లు కట్టేశారు కాబట్టి కొంత దూరం వీధుల్లో తిరగాలి. బాణం గుర్తుల మీద కన్నుంచకపోతే ఎవరింటి ముందుకో చేరతారు. తర్వాత బర్నిస్టన్, క్లౌటన్. క్లౌటన్‌లో పాత స్టేషనే టీ కొట్టయింది, ఆగదగిన చోటు. నిజం చెప్పాలంటే ఈ సగంలో సముద్రం పెద్దగా కనిపించదు. చెట్లు, పొలాలు, కట్టకు అటూ ఇటూ ముళ్ల కంచెలు. "సముద్రం ఏదీ?" అని పిల్లలు గొణిగేది ఇక్కడే. హేబర్న్ వైక్‌లో దారి వదిలి అడవిలోకి దిగితే ఒడ్డున రాళ్ల మీదికి దూకే చిన్న జలపాతం ఉంది. తిరిగి ఎక్కడానికి అరగంట పడుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండడం మేలు.

నేల గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కట్ట ఎత్తుగా ఉన్నచోట బూడిద నీటిని కిందికి వదిలేస్తుంది, వాన పడ్డ మర్నాడే తొక్కొచ్చు. రైలు కోసం గుట్టను తవ్వి దారి తీసిన చోట్ల కథ వేరు. రెండు పక్కలా గట్లు, వాటి కింద కాలవలు, ఆ కాలవల్లో ఆకులు పూడుకుపోయి ఉంటాయి. నీళ్లకు పోయే దారి లేక మధ్యలోకే వస్తాయి. బూడిద రజను బంకమన్నుతో కలిసి నల్లటి పేస్టులా మారి బ్రేకు దిమ్మలకూ గొలుసుకూ పట్టేస్తుంది. రావెన్‌స్కార్‌కు రెండు వైపులా ఇదే బాధ. వేసవి చివర కంచెలు కత్తిరించాక దారి నిండా ముళ్లు పడి ఉంటాయి, పంక్చర్లలో ఎక్కువ భాగం వాటివల్లే. టైరు వెడల్పు కనీసం 38 మిల్లీమీటర్లు ఉండాలి, గాలి మరీ బిగించకూడదు. ఒక ట్యూబు, ప్యాచీలు, పంపు వెంట ఉంచుకోండి. అద్దె సైకిలైతే తీసుకునే ముందే ముందు బ్రేకూ వెనక బ్రేకూ విడివిడిగా నొక్కి చూడండి. ఎనిమిది కిలోమీటర్ల దిగుడులో అరిగిన దిమ్మల సంగతి బయటపడితే చేసేదేమీ ఉండదు.

రావెన్‌స్కార్ చూస్తే తెలుగువాళ్లకు ఊరి శివార్లలో హద్దురాళ్లు పాతి వదిలేసిన వెంచర్ గుర్తొస్తుంది. 1890ల్లో ఒక కంపెనీ ఇక్కడ సముద్ర విహార పట్టణం కడతామని కొండ మీద రోడ్లు వేసింది, డ్రైనేజీ వేసింది, ప్లాట్లు అమ్మకానికి పెట్టింది. రైల్లో దిగిన కొనుగోలుదార్లు చూసిందేమిటంటే ఎడతెగని గాలి, దాదాపు 180 మీటర్ల కిందెక్కడో రాళ్ల ఒడ్డు. 1913లో కంపెనీ దివాళా తీసింది. వేసిన రోడ్లు, అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. స్టేషన్ చౌక్‌లో టీ తాగి, గడ్డి మొలిచిన ఆ వీధుల్లో పది నిమిషాలు తిరగండి. పాత రైలు సొరంగం మూసేశారు, దారి దాని పైనుంచి చుట్టి వెళ్తుంది. దిగుతూ ఉంటే పాత పటిక కర్మాగారం శిథిలాలు వస్తాయి.

ఈ దిగుడే దారి మొత్తానికి కిరీటం. అఖాతం అంతా ఒక్కచూపులో కనిపిస్తుంది, చివర్న ఎర్ర కప్పుల ఊరు. పిల్లలతో వచ్చినవాళ్లు మిగతా అంతా వదిలేసి ఇదొక్కటే నడవండి, రెండున్నర గంటలు చాలు. స్కార్‌బరో నుంచి రావెన్‌స్కార్‌కు చిన్న బస్సు ఉంది కానీ రోజుకు కొన్నిసార్లే, వేళలు ముందే చూసుకోవాలి. విట్బీ, స్కార్‌బరోల మధ్య తిరిగే ఎక్స్93 బస్సు రావెన్‌స్కార్‌కు రాదు, రాబిన్ హుడ్స్ బేకి వస్తుంది.

రాబిన్ హుడ్స్ బేలో బస గురించి మాత్రం ఒళ్లు మండుతుంది. పాత ఊరంతా నిలువు వాలు కింద ఉంది, బయటి కార్లు పైనే ఆపాలి. మేం దిగిన చోట ఇద్దరికి రాత్రికి 118 పౌండ్లు. "సైకిళ్లకు భద్రమైన చోటు ఉంది" అన్న ప్రకటన చూసే తీసుకున్నాం. ఆ చోటంటే సందులో గోడకు కొట్టిన రెండు కొక్కేలు, పైన రేకు కూడా లేదు, సైకిలుకు 5 పౌండ్లు అదనం. రాత్రంతా వాన. పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నరకు ముందు పెట్టరట. వెంట వచ్చినావిడ తడి సీటు తుడుస్తూ, సామానుతో ఆ వాలు ఎక్కుతూ పైదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కాబట్టి సైకిలుతో వస్తే కింద దిగొద్దు, పైన పాత స్టేషన్ దగ్గరి ఇళ్లలో చూసుకోండి. వారాంతాల్లో ఒక్క రాత్రికి గది ఇవ్వనివాళ్లే ఎక్కువ. నడిచేవాళ్లకు బాగుల్ హోల్‌లోని యూత్ హాస్టల్ మేలు, పాత పిండిమర అది. ఒడ్డు వెంట అక్కడికి వెళ్లాలంటే పోటు వేళలు చూసుకునే దిగాలి. నీరు పెరిగితే కొండకూ అలకూ మధ్య జాగా ఉండదు.

తిండి దగ్గర ఇంకో పెద్ద మెలిక. యార్క్‌షైర్‌లో చాలా చిప్స్ దుకాణాలు నూనెలో కాదు, గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. "ఇది వెజిటేరియనేనా?" అని అడిగితే బంగాళాదుంపే కదా అని తలూపేవాళ్లున్నారు. "దేంట్లో వేయించారు?" అని అడగండి. బీఫ్ డ్రిప్పింగ్ అని గోడ మీద గొప్పగా రాసుకున్న దుకాణాలూ ఉంటాయి, అవే నయం. పులిహోర పొట్లం కట్టుకుని వచ్చిన మిడిల్స్‌బరో విద్యార్థులే అందరికంటే తెలివైనవాళ్లు.

బే నుంచి విట్బీ పది కిలోమీటర్లు. హాస్కర్ దాకా మళ్లీ ఎక్కుడు, తర్వాత సాఫీ. చివర్లో ఎస్క్ నది మీద లార్‌పూల్ వంతెన, పదమూడు కమానులు, యాభై లక్షలకు పైగా ఇటుకలు. దిగి, నడిపించుకుంటూ దాటండి, అవతల విట్బీ అబ్బే అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణానికి ఎక్స్93కి 2025 నుంచి ఒక వైపుకు గరిష్ఠంగా 3 పౌండ్లు. మడత పెట్టని సైకిలును ఎక్కించుకోరు. విట్బీ నుంచి మిడిల్స్‌బరోకు రైలుంది, గంటన్నర పడుతుంది, రోజుకు కొద్ది బళ్లే. సైకిలుతో ఉన్నవాళ్లు స్కార్‌బరోలో కాళ్లు కదిపే ముందే ఆ రైలు వేళ రాసి పెట్టుకోండి.