తిరుపతి గరుడ వారధి (శ్రీనివాస సేతు): నా లెక్కలో నాలుగు స్టార్లు

వంతెనకు రివ్యూ ఏందమ్మా అని మా పిల్లోడు నవ్వినాడు. ఎప్పుడో ఒకసారి తినే హోటలుకు రాస్తారు, రోజూ వాడుకునేదానికి రాస్తే తప్పేంది?

నేను జాకెట్లు కుట్టి గాంధీరోడ్డు అంగళ్లకు వేసొస్తుంటా. లీలామహల్ సర్కిల్ దాటకుండా నాకు దారి లేదు. ముందు మద్రాసు బస్సులు, చిత్తూరు బస్సులు, కొండకు పోయే జీపులు, మా స్కూటీలు అన్నీ కిందే. శనివారమైతే చెప్పే పనే లేదు. ఇప్పుడు తిరుచానూరు రోడ్డు దగ్గర వంతెనెక్కిన బండి కపిలతీర్థం పక్కన దిగి అట్నే అలిపిరికి పోతుంది. దాదాపు 7 కిలోమీటర్లు, ఊరితో పనే లేదు.

2019లో గరుడ వారధి అని మొదలైంది, మధ్యలో శ్రీనివాస సేతు అని పేరు మారింది, 2023 సెప్టెంబరుకు మొత్తం తెరిచినారు. 2024 నవంబరులో మళ్లీ గరుడ వారధి పేరే పెట్టాలని దేవస్థానం తీర్మానించింది. అన్నేండ్లూ దుమ్మే. కుట్టిన జాకెట్లకు రెండేసి కవర్లు తొడిగి తీసుకుపోయేదాన్ని. ఖర్చులో ఎక్కువ వాటా దేవస్థానానిది. "హుండీ డబ్బులు రోడ్లకా?" అని మా అత్త ఇప్పటికీ సణుగుతుంది. సామి కోసం వచ్చే బండ్లకే గదత్తా అంటే వినదు.

నన్నడిగితే వంతెన కట్టింది యాత్రికులకైనా, బాగుపడింది కింద ఉండే మేమే. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు చూడాల. ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండ వేషం, మగోళ్లు చీరె కట్టి జడేసుకుని మాతంగి వేషం, చంకలో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు, అందరూ రోడ్డు మీదే. కొండకు పోయే బస్సు వెనకనుంచి హారన్ కొడతా ఉంటే జాతర ఏం బాగుంటుంది? ఆ బస్సులు కొన్నైనా పైకి పోయినాయి, అది చాలు.

ఒక స్టారు ఎందుకు కోసినానంటే, మా ఆడబిడ్డ మేడ మీద బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఆమె బోర్డు ఇప్పుడు వంతెన పిట్టగోడకు ఎదురుగ్గా ఉంది. బస్సులో పోయేవాళ్లకు బాగా కనిపిస్తుంది, వాళ్లు దిగి ఐబ్రోస్ చేయించుకుంటారా? నడిచేవాళ్లకు స్తంభాల మధ్య రోడ్డు దాటడం కూడా కష్టమే, ముసలోళ్లకు మరీ.

బయటూరి వాళ్లకు ఒక మాట. గోవిందరాజస్వామి గుడికో, గాంధీరోడ్డులో చీరెలకో వస్తే వంతెన ఎక్కొద్దండి, కింద రోడ్డునే రండి. ఎక్కినారంటే కపిలతీర్థం నుంచి మళ్లీ ఊళ్లోకి ఆటోకు పోయాల.