వారం రోజుల విరామం కోసం: ఇంటికి మనిషా, వృద్ధాశ్రమమా?

పక్షవాతం వచ్చిన మా జేజిని అనంతపురంలో మూడేళ్లుగా అమ్మే చూసుకుంటోంది, ఆమెకు వారం రోజులైనా విశ్రాంతి ఇవ్వాలని ఈ రెండు దారులూ చూశాం.

ఇంటికి మనిషిని పెట్టుకుంటే జేజి తన మంచం మీదే ఉంటుంది, తనకు అలవాటైన సంగటే తింటుంది, తెలిసిన ఇల్లు కాబట్టి బెదరదు. మతిమరుపు ఉన్నవాళ్లకైతే ఇదే మేలు, కొత్త చోట రాత్రిళ్లు కంగారు పడిపోతారు. కానీ అమ్మ ఇంట్లోనే ఉంటే విశ్రాంతి దొరకదు, "మందు వేశావా?" అని పది సార్లు లేస్తుంది. ఆమెను కడపలో పిన్ని ఇంటికి పంపేదాకా మాకు ఆ సంగతి తెలియలేదు. వచ్చే మనిషికి రెండు రోజులు ముందే పక్కన ఉండి పని చూపించండి, ముఖ్యంగా పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం.

వృద్ధాశ్రమంలో రాత్రి కూడా మనుషులుంటారు, ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. అయితే చాలా చోట్ల లేచి తిరగగలిగేవాళ్లనే తీసుకుంటారు, ముందే అడగాలి. మేమడిగిన ఒకచోట మంచం పట్టినవాళ్లు వద్దన్నారు. మీరు వెళ్తే బాత్రూములు చూడండి, రాత్రి ఎంతమంది ఉంటారో అడగండి.

వివరాలకు వృద్ధుల సహాయవాణి 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

జేజి లాంటివాళ్లకు నా ఓటు ఇంటికి మనిషికే, అమ్మను మాత్రం ఊరు దాటించండి.